గట్టు మీద బెంగాలీ

హాజరైనవారు: రైతులు తొమ్మిది మంది, వాళ్లలో మా పెదనాన్న ఒకరు. వస్తువులు: మూసేసిన ట్యూషన్ సెంటరు నుంచి తెచ్చిన తెల్లబోర్డు ఒకటి (ఒక మూల ఎవరిదో త్రికోణమితి లెక్క ఎంత తుడిచినా పోలేదు), మార్కర్లు రెండు (ఒకటి ఎండిపోయింది), ప్లాస్టిక్ కుర్చీలు ఆరు, కుర్చీ దొరకనివాళ్లకి యూరియా బస్తాలు మూడు, తల తిప్పని స్టాండు ఫ్యాను ఒకటి, టీ ఫ్లాస్కు ఒకటి, నలభై రెండు వాక్యాలున్న జిరాక్సు కాగితాలు పది. స్థలం: తిరువూరులో మా ఎరువుల బాబాయ్ కొట్టు వెనకున్న గోడౌను. సమయం: సాయంత్రం ఆరు. విషయం: బెంగాలీ భాషా పరిచయం, మొదటి తరగతి. బోధకుడు: నేను. నేను బెంగాలీ నేర్చుకోవడం మొదలుపెట్టి ఆ సాయంత్రానికి పన్నెండు రోజులు.

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎంతటి చిక్కునైనా గళ్లు గీసి, వరస సంఖ్యలు వేసి, పట్టికగా రాస్తే సగం తీరిపోయినట్టేనని. (మిగతా సగం ఎవరు తీరుస్తారన్నది ఆలోచించలేదు. పట్టికలో ఆ గడి లేదు.) ఇంజనీరింగు పూర్తయింది. సాఫ్ట్‌వేరులో తప్పులు వెతికే ఉద్యోగం ఒకటి చేతికొచ్చింది. మూడు నెలలు ఆగి చేరమన్నారు. తప్పులు పట్టినందుకు జీతమిస్తామన్నారు కదా అని, ఆ జీతం మొదలయ్యేలోపు చేయి తిరగడం కోసం నేను ఉంటున్న పెదనాన్న ఇంట్లో ఉచితంగా తప్పులు పట్టడం మొదలుపెట్టాను. ఫ్రిజ్ తలుపు ఎన్ని సెకన్లు తెరిచి ఉంచుతున్నారో రాశాను. పెద్దమ్మ పోపుల డబ్బాలో గిన్నెలను అక్షర క్రమంలో సర్ది, పేర్లు అంటించాను. వారం రోజులపాటు ఆవిడకి ఆవాలు దొరకలేదు. "వీడికి ఆ ఉద్యోగం తొందరగా ఇచ్చేస్తే బాగుండు" అని ఆవిడ ఫోన్లో మా అమ్మతో అనడం నేను విన్నాను. అది నా సామర్థ్యానికి ప్రశంస అనుకున్నాను.

పెదనాన్నకి వినగడప దారిలో నాలుగెకరాల ముప్ఫై సెంట్ల మాగాణి ఉంది. ఒకప్పుడు నాట్లకి ఊళ్లోని ఆడవాళ్ల ముఠాయే వచ్చేది. తర్వాత వాళ్లలో కొందరు మామిడిపళ్ల రసం ఫ్యాక్టరీలో కుదిరారు, కొందరు కుట్టుమిషన్లు పెట్టుకున్నారు, మిగిలినవాళ్లు "నడుములు పోయినయ్యి బాబూ" అని దణ్ణం పెట్టేశారు. అప్పటి నుంచి బెంగాల్ ముఠాలు వస్తున్నాయి. ముఠాకి పద్నాలుగు మంది. ఎకరానికింత అని గుత్తకి మాట్లాడుకుంటారు. పొద్దున్నే దిగుతారు, వంచిన నడుము ఎత్తకుండా, కబుర్లు కూడా వంగునే చెప్పుకుంటూ, సాయంత్రానికి పొలం పచ్చగా చేసి ఒడ్డెక్కుతారు. వాళ్ల మేస్త్రిని అందరూ దాదా అంటారు. బెంగాలీలో దాదా అంటే అన్నయ్య. (మన దగ్గర దాదా అంటే ఎవరో తెలిసిన పెద్దమ్మ, మొదటిసారి ఆయన ఇంటికొచ్చినప్పుడు మంచినీళ్లు కిటికీలోంచి ఇచ్చింది.) దాదా సన్నగా, నెమ్మదిగా ఉంటాడు, కొంచెం హిందీ మాట్లాడతాడు. మిగతావాళ్లకి హిందీ కూడా అంతంత మాత్రం. రైతులకి ఆ అంతంత మాత్రం కూడా లేదు. మధ్యలో ఉన్నది ట్రాలీ భాయ్. ముఠాని తన ట్రాలీ ఆటోలో పొలాలకి చేర్చేదీ, రైతు తెలుగులో చెప్పింది హిందీ చేసి దాదాకి చెప్పేదీ ఆయనే. రెండు పనులకీ కలిపి ఒకటే హారను.

ఇక్కడ పెదనాన్న గొంతు గురించి చెప్పాలి. అది గట్టు మీద నిలబడి వాడటానికి తయారైన గొంతు. ఊళ్లో ఆడవాళ్లు నాట్లేసే రోజుల్లో పొద్దున ఏడింటికి మొదలయ్యేది. కబుర్లకొచ్చారా నాట్లకొచ్చారా అని ఈయన, చెవులు మూసుకుని నాటమంటావా అని వాళ్లు. వరస వంకరపోయిందని ఈయన, నీ పెళ్లినాడు నువ్వు కట్టుకున్న పంచె కంటే తిన్నగానే ఉందని వాళ్లు. సాయంత్రానికి ఇరువైపులా గొంతులు బొంగురుపోయేవి, పొలం పూర్తయ్యేది, ఎవరికీ కోపం ఉండేది కాదు. ఒకసారి జ్వరమొచ్చి ఆయన గట్టు మీద ఊరికే కూర్చుంటే, ముఠాలో పెద్దావిడ పని ఆపి ఇంటికొచ్చి, "అయ్య అరవట్లేదమ్మా, ఓసారి డాక్టరుకి చూపించండి" అని పెద్దమ్మకి చెప్పి వెళ్లిందట. బెంగాల్ ముఠా వచ్చాక ఆ సంప్రదాయానికి తెర పడింది. ఈయన అరిస్తే వాళ్లకి అర్థం కాదు. అర్థం కానివాళ్ల మీద అరవడం, సిగ్నల్ లేని చోట ఫోన్ చేయడం లాంటిది. అలా రెండేళ్లు గడిచాయి.

అయినా ఆయన ప్రయత్నం మానలేదు. భాయ్‌ని పక్కన నిలబెట్టుకుని చెప్పించేవాడు. అంతకు ముందు ఏడాది నాట్లకి నేను సెలవుల్లో వచ్చినప్పుడు, మొదటి రోజు పొలం వెళ్లింది ఊరికే చూడటానికి. రెండో రోజు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వెళ్లాను. పెదనాన్న నలభై ఎనిమిది సెకన్లు మాట్లాడాడు. అందులో దమ్ము సరిగా చేశానని, నారు మొదళ్లు జాగ్రత్త అని, తూర్పు పక్క ఖాళీలు వదులుతున్నారని, పోయినేడు పక్కవాడి పొలం ఇంకా బాగా నాటారని, మనిషన్నాక కొంచెం భయం ఉండాలని ఐదు అంశాలున్నాయి. భాయ్ అదంతా శ్రద్ధగా విని, దాదా వైపు తిరిగి, నాలుగు సెకన్లలో ఏదో చెప్పాడు. దాదా నవ్వి తలూపాడు. నలభై ఎనిమిదికి నాలుగు. మధ్యాహ్నం కొలిస్తే ముప్ఫై ఆరుకి మూడు. సరిగ్గా అదే నిష్పత్తి. ఇంత నిలకడగా సమాచారం పోతోందంటే ఏదో లోపం ఉందని నా చదువు చెప్పింది. భాయ్‌ని నిలదీశాను. ఆయన బీడీ వెలిగించుకుని, "నాటుకి కావాల్సింది చెప్పా తమ్ముడూ. మిగతాది మీ పెదనాన్న గారు తన కోసం మాట్లాడుకుంది" అన్నాడు. ఆ మాటలో ఒక పరిచయ గ్రంథానికి సరిపడా జ్ఞానం ఉంది. నేను దాన్ని పుస్తకంలో "అనువాద లోపం, తీవ్రత: ఎక్కువ" అని రాసుకున్నాను.

ఉద్యోగం కోసం ఆగిన ఆ మూడు నెలల్లో దాని పని పట్టే తీరిక దొరికింది. పరిష్కారం కళ్లముందే ఉంది: మధ్యవర్తిని తీసేయడం. రైతులే బెంగాలీ నేర్చుకుంటే సరి. పెదనాన్న ఈ మాట విన్నప్పుడు ఆయన మొహం వెలిగిన తీరు నాకింకా గుర్తు. రెండేళ్లుగా మూగబోయిన మనిషికి గొంతు తిరిగొస్తుందని డాక్టరు చెప్పినట్టు చూశాడు. ఎరువుల బాబాయ్ గోడౌను ఇస్తానన్నాడు. (బేరం లేని సాయంత్రం కొట్టుకి తొమ్మిది మంది రైతులొస్తే ఆయనకొచ్చే నష్టమేం లేదు.) నేను ముందుగా అవసరాల సేకరణ చేపట్టాను. కాలేజీలో అలాగే చెప్పారు: తయారు చేసే ముందు వాడేవాళ్లని అడగాలి. రైతుకొక కాగితం ఇచ్చి, పొలంలో మీరు తరచుగా అనే మాటలు ఐదు రాయమన్నాను. తొమ్మిదైదులు నలభై ఐదు. ఒకేలా ఉన్నవి తీసేస్తే ముప్ఫై ఏడు. ఆ ముప్ఫై ఏడింటిలో దాదాపు అన్నింటికీ క్రియలు ఆజ్ఞార్థకంలో ఉన్నాయన్న సంగతి నేను గమనించాను. గమనించి, దాన్నొక సౌకర్యంగా భావించాను. ఒకటే రూపం నేర్పితే చాలు కదా. పద్ధతి ప్రకారం ఏ భాషా పరిచయంలోనైనా ఉండాలి కాబట్టి ఎలా ఉన్నారు, అన్నం తిన్నారా, మీ ఊరేది లాంటివి ఐదు నా అంతట నేను కలిపాను. వాడుకని బట్టి వరస పెట్టాను. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ ఐదూ చివరికెళ్లాయి: ముప్ఫై ఎనిమిది నుంచి నలభై రెండు దాకా.

మొదటి తరగతి నిజంగా బాగా జరిగింది. బెంగాలీ మనకి అంత పరాయిది కాదని మొదలుపెట్టాను. జలం వాళ్లకి జొల్, ధాన్యం వాళ్లకి ధాన్. మనం నోరు తెరిచి అ అనే చోట వాళ్లు పెదవులు గుండ్రంగా చుట్టి ఒ అంటారు. నోట్లో ఓ గోలీకాయ పెట్టుకున్నామనుకోండి అన్నాను. (తొమ్మిది మందీ బుగ్గలు పూరించారు. అప్పుడే యూరియా కోసం వచ్చిన ఒకాయన గుమ్మంలో నుంచి చూసి వెనక్కి వెళ్లిపోయాడు.) మాటని హల్లు దగ్గర ఆపేయడం మాత్రం మనవాళ్ల వల్ల కాలేదు. జొల్ అనండి అంటే జొలు అన్నారు, భాత్ అనండి అంటే భాతు అన్నారు. చివర ఉకారం లేకపోతే మాట అన్నట్టే ఉండదని పెదనాన్న వాదన. బెంగాలీలో ఎదుటి మనిషికి మూడు స్థాయిలున్నాయని చెప్పాను: ఆప్ని, తుమి, తుయి. గౌరవానికి ఒకటి, మామూలుకి ఒకటి, బాగా దగ్గరివాళ్లకీ కోపానికీ కలిపి ఒకటి. మూడోది ముందు చెప్పమన్నారు. కూలికొచ్చినవాళ్లని అలా అనకూడదని చెప్పి రెండోదానికి ఒప్పించాను. ఇంత సంస్కారం నాకుండేది. తర్వాత క్రియ సంగతి: ఒకడికి చెప్పినా పదిమందికి చెప్పినా బెంగాలీలో క్రియ రూపం మారదు అన్నాను. వెనక బస్తా మీద కూర్చున్న ఒక రైతు తీరిగ్గా ఆలోచించి, "అంటే ఒకణ్ణి అన్నా పద్నాలుగు మందికీ తగులుద్దన్నమాట" అన్నాడు. భాష మీద గౌరవం గోడౌనంతా పెరిగింది.

రెండో తరగతికి ఇరవై ఏడో వాక్యం దాకా వచ్చాం. 'తాడాతాడి కొరో', తొందరగా చేయండి. 'షోజా లాగావ్', తిన్నగా నాటండి. 'ఎఖానే ఫాకా ఆఛే', ఇక్కడ ఖాళీ ఉంది. 'కొథా కొమ్, కాజ్ బేషి', మాటలు తక్కువ, పని ఎక్కువ. 'ఆబార్ చా?', మళ్లీ టీయా? చివరిది ఎరువుల బాబాయ్‌కి ఎంతగా నచ్చిందంటే, ఫ్లాస్కు మూత తీసిన ప్రతివాణ్ణీ అదే అడిగాడు. మూడో తరగతికి ఇద్దరే వచ్చారు. ఇవాళ ఎలా ఉన్నారు, అన్నం తిన్నారా నేర్చుకుందాం అంటే, "అయ్యి మనకెందుకురా, చుట్టరికం కలుపుకోవాలా ఏంటి" అని ఆ ఇద్దరూ లేచారు. నేను మరో పన్లో పడ్డాను. బెంగాలీ లిపి కూడా నేర్చేసుకున్నాను. అక్షరాలన్నీ పైన ఒక గీతకి వేలాడుతుంటాయి, తీగ మీద ఆరేసిన బట్టల్లా. అది ఎవరికీ అక్కర్లేదు. పట్టిక పూర్తవడం కోసం నేర్చుకున్నాను.

నాట్ల రోజు వచ్చింది. నారు పోసి ముప్ఫై మూడు రోజులు. ఇంకో నాలుగు రోజులు దాటితే ముదిరిపోతుంది, ముదురు నారు నాటినా పిలక వేయదు. కాలువ నీళ్ల వంతు కూడా ఆ నాలుగు రోజులే. దాదా ముఠా పొద్దున్నే దిగింది. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, జిరాక్సు కాగితం పట్టుకుని గట్టెక్కాడు. మా విద్యార్థుల్లో ఇంకో నలుగురు 'ప్రాక్టికల్సు' చూద్దామని బైకుల మీద వచ్చి మిగతా గట్ల మీద తలో చోట నిలబడ్డారు. పెదనాన్న గొంతు సవరించుకుని ఒకటో నంబరు అన్నాడు: తాడాతాడి కొరో. పద్నాలుగు తలలూ లేచాయి. పద్నాలుగు మొహాల్లోనూ నవ్వు. వేల మైళ్లు కాకపోయినా చాలా దూరం వచ్చిన మనుషులు, ఒక తెలుగు ముసలాయన నోట తమ మాట విని అంత సంబరపడ్డారు. దాదా చేతులు జోడించాడు కూడా. ఆ ఒక్క వాక్యంతో ఆపి ఉంటే ఈ జ్ఞాపకం ఇక్కడితో అయిపోయేది.

ఆయన ఆపలేదు. రెండేళ్ల బాకీ గొంతులో ఉంది. రెండో నంబరు, మూడో నంబరు, వరస తప్పకుండా. మూడోదాని దగ్గర నవ్వేవాళ్లు తొమ్మిది మంది మిగిలారు. ఐదోది, మాటలు తక్కువ పని ఎక్కువ, దగ్గర ముగ్గురు. పదకొండోది, మళ్లీ టీయా, దగ్గర ఎవరూ లేరు. పడమటి గట్టు నుంచి ఇంకొకాయన ఖాళీ ఉందన్నాడు, ఉత్తరం గట్టు నుంచి వేరొకాయన తిన్నగా అన్నాడు. ఒకణ్ణి అన్నా పద్నాలుగు మందికీ తగిలింది. మరి నేనేం చేస్తున్నాను అంటారా? పెదనాన్న పక్కనే నిలబడి ఉచ్చారణ సరిచేస్తున్నాను. సోజా కాదు పెదనాన్నా, షోజా అంటున్నాను.

ఇరవై రెండో వాక్యం మధ్యలో దాదా నడుము ఎత్తాడు. చేతిలో నారు కట్టని పడేయకుండా జాగ్రత్తగా నీళ్లలో నిలబెట్టాడు. కాలువలో కాళ్లు కడుక్కున్నాడు. ఆయన వెనకే పదముగ్గురూ. ట్రాలీ భాయ్ వచ్చేసరికి అందరూ రోడ్డు మీద వరసగా కూర్చుని ఉన్నారు. దాదా భాయ్‌తో చాలాసేపు మాట్లాడాడు. ఈసారి భాయ్ ఏమీ తగ్గించకుండా చెప్పాడు. ఇటువైపు పొలాలకి వాళ్లు ఇష్టంగా వస్తారట. ఎందుకంటే మిగతా చోట్ల రైతులు పొద్దస్తమానం అరుస్తారు, ఇక్కడి రైతులు మాత్రం గట్టు మీద నిలబడి మంచి మాటలే చెబుతారని భాయ్ ద్వారా వింటున్నారట. గుత్త పని కదా, తొందర పడేదీ వాళ్లే, తిన్నగా నాటేదీ వాళ్లే, ఎవరూ చెప్పక్కర్లేదు. "పోయినేడు ఈ పెద్దాయన చాలా మంచోడు, ఈ ఏడు ఏమైంది అని అడుగుతున్నాడు" అన్నాడు భాయ్. ఆ తర్వాత నా వైపు చూడకుండా ట్రాలీ తిప్పాడు. రెడ్డిగూడెం వైపు ఇంకో రైతు వాళ్ల కోసం కాచుకుని ఉన్నాడు. మర్నాడు పొద్దున అటు వెళ్తున్నామని దాదా చెప్పాడట. ఎకరంలో మూడో వంతు నాటి ఉంది. మిగతాదంతా దమ్ము చేసిన బురద, గట్టు పొడుగునా నారు కట్టలు, నాలుగు మూలలా నలుగురు విద్యార్థులు.

పెదనాన్న అన్ని ముఠాలకీ ఫోన్లు చేశాడు. వారం దాకా ఎవరూ ఖాళీ లేరు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, వాలుకుర్చీలో కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఈ విషయం సరిగ్గా అర్థం చేసుకోవాలి. చెప్పు తిప్పి విడిచినా, గేటు గొళ్లెం పెట్టకపోయినా వీధి చివరికి వినిపించేలా తిట్టే మనిషి, పంట పోయే పని చేసినవాణ్ణి ఏమీ అనలేదు. నేను ఆయన ఎదురుగా అటూ ఇటూ రెండుసార్లు నడిచాను కూడా. పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, ఆయన కేసి చూసి, స్టవ్ ఆపేసి బయటికొచ్చింది.

"మీ పెదనాన్న అరవట్లేదు. బండి తియ్యి" అంది.

ముఠా బస ఊరి చివర మామిడికాయలు ప్యాకింగు చేసే షెడ్డులో. సీజను అయిపోయింది కాబట్టి ఖాళీగా ఉంది. దారిలో భాయ్‌ని కూడా రమ్మని ఫోన్ చేశాను. నేను జేబులోంచి కాగితం తీశాను; జరిగినదానికి కారణాలు ఆరు పాయింట్లుగా రాసుకుని, బెంగాలీలోకి మార్చి పెట్టుకున్నాను. పెద్దమ్మ ఆ కాగితం తీసుకుని మడిచి, మళ్లీ నా జేబులోనే పెట్టింది. దాదా బంగాళాదుంపలు తరుగుతున్నాడు. ఆవిణ్ణి చూసి లేచి, పండ్లు పెట్టే డబ్బా ఒకటి బోర్లించి కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చుంది. ఉన్నదున్నట్టు చెప్పమని భాయ్‌కి ముందే ఆజ్ఞ అయింది.

"ఆయన అరుస్తాడు. నా మీద ముప్ఫై ఏడేళ్ల నుంచి అరుస్తన్నాడు. నేను ఊరుకున్నానా? మా ఊరి ఆడవాళ్లు ఊరుకున్నారా? మీరు పడి ఊరుకుంటే అది తిట్టే అవుద్ది. తిరిగి అనండి, కబురవుద్ది."

భాయ్ చెప్పాడు. (కొలిచాను. పద్నాలుగు సెకన్లకి పద్నాలుగు.) దాదా కత్తిపీట పక్కన పెట్టాడు. వెనక ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. కాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఇంతవరకూ ఏ ఊళ్లోనూ, ఏ రైతు ఇంటి నుంచీ తిరిగి తిట్టమని ఎవరూ రాలేదట. చివరికి దాదా అడిగింది ఒకటే: అనడానికి మా దగ్గర తెలుగు లేదు, ఏం అనాలి? పెద్దమ్మ కొంగు దోపుకుని, వేళ్లు ముడుస్తూ మొదలుపెట్టింది. నేను పాయింట్ల కాగితాన్నే తీసి, తిరగేసి, ఖాళీవైపు ఆ తెలుగు మాటల్ని బెంగాలీ అక్షరాల్లో రాశాను. నా బెంగాలీ చదువంతట్లో ఎవరికీ అక్కర్లేదనుకున్న ముక్క అదొక్కటే పనికొచ్చింది. దిగి నువ్వు నాటు పెద్దాయనా. గట్టుకి నడుం నొప్పి రాదులే. వంకర వరసలో లేదు, నీ కళ్లజోడులో ఉంది. అరవకు, బీపీ పెరుగుద్ది. నోరు తర్వాత, నారు అందించు. టీ ఏది? ఇంట్లో కూడా ఇట్టాగే అరుస్తావా? ఏడు. చివరిది చెప్పేటప్పుడు ఆవిడ కొంచెం ఎక్కువ శ్రద్ధగా పలికించింది. షెడ్డంతా వల్లించారు. మనవాళ్లు మాట చివర ఉకారం వదల్లేకపోయినట్టే, వాళ్లు దాన్ని ఉంచలేకపోయారు. అయినా ఎవరూ సరిచేయలేదు. నేను నోరు తెరిచాను, పెద్దమ్మ చూసింది, మూసుకున్నాను. రెడ్డిగూడెం రైతుకి రెండు రోజులు ఆగమని దాదా అక్కడే ఫోన్ చేయించాడు.

మర్నాడు పెదనాన్న ఒట్టేసి పొలం వచ్చాడు, ఒక్క మాట అననని. ఈ ఏడు వాక్యాల సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. మోటారు షెడ్డు అరుగు మీద కూర్చుని, తువ్వాలు కొస పళ్ల మధ్య బిగించాడు. నలభై నిమిషాలు నిగ్రహించుకున్నాడు. (ఇది ఆయన జీవితంలో రికార్డు.) అప్పుడు తూర్పు పక్కన ఒక ఖాళీ కనిపించింది. నిజంగానే ఉంది, నేనూ చూశాను, రెండు కుదుళ్లు పట్టేంత. తువ్వాలు జారింది.

"ఎఖానే ఫాకా ఆఛే!"

పొలంలో చేతులన్నీ ఆగాయి. దాదా నడుము ఎత్తలేదు. వంగునే, తల మాత్రం కొంచెం పక్కకి తిప్పి, నిదానంగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని అన్నాడు: "దిగి నువ్ నాట్ పెద్దాయొనా."

పెదనాన్న లేచి నిలబడ్డాడు. అయిపోయింది, ఈసారి ఈయనే వాళ్లని పంపించేస్తాడు అనుకున్నాను. రోడ్డుకెళ్లే దారి ఎటో కూడా చూసుకున్నాను. ఆయన అరుగు దిగాడు. లుంగీ పైకి దోపాడు. "నాటలేననుకుంటున్నావా? నీకంటే ముందు నుంచి నాటుతున్నా" అని అరుస్తూ మోకాళ్ల లోతు బురదలో నడుచుకుంటూ వెళ్లి, కట్టలోంచి నారు లాగి, ఆ ఖాళీలో రెండు కుదుళ్లు పెట్టాడు. ఊరికే రాబుద్ధి కాక పక్కన ఇంకో ఎనిమిది పెట్టాడు. పదీ కలిసి వరస నుంచి నెమ్మదిగా కుడివైపుకి తిరిగి వెళ్లిపోయాయి. ఒక కుర్రాడు లేచి చూసి, ఆయన యాసలోనే, చివర ఉకారంతో సహా, "షోజా లాగావు" అన్నాడు. పద్నాలుగు మందీ నవ్వారు. పెదనాన్న "వంకర నీ కళ్లల్లో ఉందిరా" అన్నాడు. అది మూడో వాక్యమని, వాళ్ల దగ్గరా అదే ఉందని ఆయనకి తెలియదు. వాళ్లు తక్షణం అప్పజెప్పారు. ఇక ఆగలేదు. ఆయన బెంగాలీలో, వాళ్లు తెలుగులో, ఎవరి మాట వాళ్లకి ఎదుటివాడి నోట్లోంచి వినిపిస్తూ, సాయంత్రం దాకా. ఏడో వాక్యం మధ్యాహ్నం టీ దగ్గర బయటపడింది. ఇంట్లో కూడా ఇట్టాగే అరుస్తావా అని దాదా అడగగానే పెదనాన్న గ్లాసు కింద పెట్టి, "ఇది మీకు చెప్పింది ఎవరో నాకు తెలుసు" అన్నాడు. ఆయన మొహం చూశాను. రెండేళ్లలో అంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేడు.

రెండో రోజు సాయంత్రానికి నాలుగెకరాల ముప్ఫై సెంట్లూ అయిపోయాయి. ముఠా ట్రాలీ ఎక్కేటప్పుడు నేను దాదా దగ్గరికెళ్లి నిలబడ్డాను. నలభై ఒకటో వాక్యం చెప్పాలని. ఎవరూ నేర్చుకోనిది, నేనూ నోటితో ఎవరితోనూ అనకుండా కాగితం మీద మాత్రమే ఉంచినది. 'ఆబార్ ఏషో', మళ్లీ రండి. ఆబార్ అన్న మాటని నేను గోడౌనులో నేర్పింది టీ అడిగినవాళ్లని దెప్పడానికి. అదే మాటతో ఇంకో పని కూడా చేయొచ్చని ట్రాలీ పక్కన నిలబడ్డాక తెలిసింది. దాదా విని, నా ఉచ్చారణకి కొంచెం ఆలోచించి, చెయ్యి నా భుజం మీద వేశాడు. "అరవకు, బీపీ పెరుగుద్ది" అన్నాడు. ఆయనకి వచ్చిన తెలుగులో అంతకంటే ఆప్యాయమైన వాక్యం లేదు. భాయ్ హారను కొట్టాడు.

ఇప్పుడు నేను తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నాను. పట్టికలు ఇంకా గీస్తూనే ఉన్నాను. కాకపోతే, వాడేవాళ్లని అడిగి రాసిన వరస చివర్లో ఎవరూ అడగనివి నాలుగైదు మిగిలితే, వాటిని పైకి తెచ్చి మొదట పెడుతుంటాను. ఎందుకని మేనేజరు అడిగితే కారణం చెప్పడం కష్టమవుతోంది. స్టాప్‌వాచ్ పట్టుకుని గట్టు మీద నిలబడి "షోజా" అని సరిచేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి మీద కొంచెం జాలి, వాడి నమ్మకం మీద కొంచెం అసూయ కూడా. దాదా ముఠా ఏటా వస్తోంది. పెదనాన్న కొత్త కళ్లజోడు చేయించుకున్నాడు. నాట్ల రోజుల్లో సెలవు పెట్టి వెళ్లి, గట్టు మీద కూర్చుని వింటుంటాను. ఊరికే వినడం చేతకాక లెక్క కూడా రాస్తుంటాను. పోయిన నాట్లకి లెక్క ఇది: నేను నేర్పిన బెంగాలీ వాక్యాలు ఇరవై ఏడు, వాడుకలో ఉన్నవి మూడు. పెద్దమ్మ నేర్పిన తెలుగు వాక్యాలు ఏడు, వాడుకలో ఉన్నవి ఏడు.